లాంతరు లేని గ్రిఫ్

టీ డికాషన్ చిక్కగా కాచి, చల్లారనిచ్చి, అందులో బొమ్మను ముంచాడు లైల్. కొత్త ప్లాస్టిక్కుకుండే మెరుపు చావాలంటే బాగా నానాలి. ఈలోగా ఫోన్‌లో దాచుకున్న ఫొటోలు ఒక్కొక్కటే పెద్దవి చేసి చూస్తూ, కళ్లజోడు కాడ నోట్లో పెట్టుకుని నములుతూ కూర్చున్నాడు. యాభై దాటినా ఆ అలవాటు పోలేదు. పెన్ను మూత, కూల్‌డ్రింక్ స్ట్రా, కోటు జిప్పుకి వేలాడే తాడు, ఏది అందితే అది నోట్లోకి పోవాల్సిందే.

ఫొటోల్లో ఉన్నది గ్రిఫ్. అరచేతిలో ఇమిడే బొమ్మ. నారింజ రంగు దుస్తులు, నెత్తిన హెల్మెట్. నేలను తవ్వుకుంటూ భూమి అడుగుదాకా వెళ్లే 'పాతాళ దళం'లో అందరికంటే ముందు నడిచేవాడు వాడే. ముందు నడిచేవాడు కాబట్టి కుడిచేతిలో లాంతరుండాలి. ఈ గ్రిఫ్‌కి లేదు. ఎడమచేతి వేళ్ల మీద పంటిగాట్లున్నాయి. పొట్ట మీద రంగు అరిగి అడుగున తెల్ల ప్లాస్టిక్ బయటపడింది. లైల్ తల్లి ఇర్మా డ్రెస్సింగ్ టేబుల్ మీద ఏళ్ల తరబడి నిలబడ్డ బొమ్మ అది. ఆవిడ వృద్ధుల హోమ్‌లో చేరాక టేబుల్ దిగి చేతిలోకి వచ్చింది. ఇక ఆ చెయ్యి వదల్లేదు.

అమ్మ చేతిలో ఉన్నది అసలు. టీలో నానుతున్నది నకలు.

ఇలాంటి నకళ్లు ఇప్పుడు పుట్టగొడుగుల్లా వస్తున్నాయి. పాత బొమ్మకు అచ్చు తీసి, సరిగ్గా ఆ రంగే పూసి, అట్టపెట్టె కూడా అలాగే కొట్టించి వదులుతున్నారు. తెలిసి కొనేవాళ్లు కొంటారు, తెలియక కొన్నవాడు ఏడుస్తాడు. అందుకే లైల్ ఉండే డేటన్ ఊరి పాత బొమ్మల సంఘంలో ఒక కట్టుబాటు ఉంది. నకలు ఏ సభ్యుడి చేతికొచ్చినా ముందు సూది కాల్చి దాని ఎడమ పాదం కింద చుక్క పెట్టాలి. ఆ కట్టుబాటు పట్టుబట్టి పెట్టించింది లైలే. పగలంతా ఇన్సూరెన్సు కంపెనీ తరఫున గుద్దుకున్న కార్ల చుట్టూ తిరిగి ఏ సొట్ట పాతదో, ఏది కొత్తదో తేల్చే మనిషి. బొమ్మల విషయంలోనూ అతను తేల్చాడంటే సంఘంలో తిరుగులేదు.

బొమ్మను తీసి తుడిచి, నీళ్లలో తడిపిన సన్న గరుకు కాగితంతో పొట్ట మీద గుండ్రంగా రుద్దాడు. మధ్యమధ్య ఫొటో చూసుకుంటూ, అరుగుదల ఎక్కడ ఆగిందో అక్కడే ఆపాడు. తర్వాత బొమ్మ ఎడమచెయ్యి సలసల కాగే నీళ్లలో ముంచి, మెత్తబడ్డాక నోట్లో పెట్టుకుని కొరికాడు. ఫొటో పక్కన పెట్టి చూస్తే తనకే ఆశ్చర్యమేసింది. లైల్‌కి కింది వరసలో ఒక పన్ను పక్కకి తిరిగి ఉంటుంది. ఫొటోలోని గాటు కూడా సరిగ్గా అక్కడే పక్కకి తిరిగింది. ఎంతైనా అన్నదమ్ములం కదా, పలువరస ఒకటే అనుకున్నాడు. ఆ పాత పంటిగాట్లు అన్న రాడ్నీవి. మెదడువాపు జ్వరమొచ్చి తొమ్మిదో ఏట పోయాడు రాడ్నీ.

చివరికి సూది స్టవ్ మీద ఎర్రగా కాల్చి ఎడమ పాదం దగ్గరికి తెచ్చాడు. అక్కడ ఒక్క క్షణం చెయ్యి ఆగింది. ఆగి, చుక్క పెట్టేసింది. కన్నతల్లిని మోసం చేయడానికని చేస్తున్న బొమ్మ, రేపెప్పుడో ముక్కూమొహం తెలియనివాణ్ణి మోసం చేయకూడదట. అదీ ఆ పెద్దమనిషి నిజాయితీ. చుక్క పెట్టాక అతని మనసు కుదుటపడింది కూడా.

హాల్లో గోడ పొడుగునా అద్దాల బీరువాలు. పాతాళ దళంలో పద్నాలుగుమందికి పద్నాలుగు గూళ్లు, పదమూడింట్లో మొదటి అచ్చు బొమ్మలు. పద్నాలుగో గూడు ఖాళీ. గ్రిఫ్ మొదటి అచ్చు బజార్లో దొరక్క కాదు. కొనమని ఎవరన్నా అంటే, "మా ఇంట్లో ఉందిగా, దాని చోటు అలా ఉండనీ" అనేవాడు. ఈ శనివారం సంఘం వాళ్ల వార్షిక ప్రదర్శన, పాతాళ దళం గూళ్లను అక్కడికి తీసుకెళ్తాడు. ఈసారి ఆ గూడు ఖాళీగా ఉండకూడదని తీర్మానించుకున్నాడు.

తల్లి దగ్గరనుంచి తీసుకోవడం దొంగతనం అనుకోలేదతను. హోమ్‌లో వస్తువులు నిలుస్తాయా? పక్క గది ముసలాయన వినికిడి మిషను దుప్పట్లతోపాటు బట్టలుతికే యంత్రంలోకి పోయింది. ఇంకో ఆవిడ పెళ్లి ఉంగరం ఇప్పటికీ దొరకలేదు. రాడ్నీ వస్తువు ఒకే ఒక్కటి మిగిలింది, అదీ ఏ చెత్తబుట్టలోనో పోతే? తీసి భద్రంగా పెడుతున్నాను, అమ్మకి చేతిలో ఏదో ఒకటి ఉంటే చాలు, తేడా ఆమెకేం తెలుస్తుంది. ఈ మాటే దారంతా తనకి తాను చెప్పుకుంటూ కారు నడిపాడు.

మధ్యాహ్నం భోజనాల వేళకి వెళ్లాడు. ఇర్మా కిటికీ పక్క చక్రాల కుర్చీలో ఉంది. మొక్కజొన్న గింజల రంగు స్వెట్టరు, మెడకింద తువ్వాలు. గ్రిఫ్ ఆమె ఎడమచేతిలో తలకిందులుగా ఉన్నాడు. బొటనవేలు వాడి ఎడమ పాదం కింద అటూఇటూ కదులుతోంది. నిద్రలో కూడా ఆ వేలు ఆగదని ఆమెను చూసుకునే లవర్న్ చెబుతుంది.

"అమ్మా, నేను, లైల్‌ని" అన్నాడు.

ఇర్మా మర్యాదగా నవ్వింది. "మా వాడి పేరూ అదేనండీ" అంది. "కూర్చోండి. హీటరు బాగుచేయడానికొచ్చారా?"

అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ ప్రశ్నకి బాధపడటం ఏడాది కిందటే మానేశాడు.

లవర్న్ గోరువెచ్చని నీళ్ల పళ్లెం, గుడ్డ తెచ్చింది. భోజనానికి ముందు ఇర్మా చేతులు తుడవాలి, చేతులు తుడవాలంటే గ్రిఫ్‌ని విడిపించాలి. దానికో పద్ధతి పెట్టుకుంది లవర్న్. "మీ వాడికి కూడా స్నానం చేయించొద్దా ఇర్మమ్మా, మురికోడుతున్నాడు" అంటే ఇర్మా వేళ్లు ఒక్కొక్కటే విప్పుతుంది. బొమ్మను లైల్ అందుకున్నాడు. "ఇటివ్వండి, నేను కడుగుతా" అని సింకు వైపు తిరిగి, కోటు జేబులోంచి నకలు తీసి, అసలును అదే జేబులోకి జార్చాడు. నకలును తడిపి తుడిచి తెచ్చి తల్లి చేతిలో పెట్టాడు.

ఇర్మా వేళ్లు మూసుకున్నాయి. బొటనవేలు పాదం కిందికి వెళ్లింది. ఒకసారి కదిలింది. ఆగింది.

లైల్ కోటు బొత్తాలు పెట్టుకోవడంలో మునిగిపోయాడు. ఆఫీసులో పనుందనీ, ఆదివారం వస్తాననీ లవర్న్‌తో చెప్పి, మెత్తటి నూడిల్స్, ఉడికించిన క్యారెట్ల పళ్లెం ఇంకా బల్ల మీదికి రాకముందే బయటపడ్డాడు.

లవర్న్ ఫోన్ చేసిన రోజు అతను గ్రిఫ్ కోసం చిన్న కార్డు రాసుకుంటున్నాడు. నల్లటి ఇండియన్ ఇంకుతో, సన్న పాళీతో, ఒక్కో అక్షరం దిద్ది రాస్తున్నాడు. 'గ్రిఫ్. మొదటి అచ్చు. రాడ్నీ ఓస్టర్మన్ బొమ్మ. ఒకే కుటుంబం చేతిలో.' సంఘంలోని ఎల్వుడ్ దగ్గర బతిమాలి సంపాదించిన అసలు లాంతరు పక్కనే దూదిలో ఉంది. గోరంత ఉంటుంది. రాడ్నీ పారేసుకుని ఉంటాడనుకుని, అన్న లోటు తను పూడుస్తున్నానని మురిసిపోయాడు.

మీ అమ్మగారు సరిగ్గా తినట్లేదండీ, అని మొదలుపెట్టింది లవర్న్. బొమ్మను పట్టుకోవట్లేదట. చేతిలో పెడితే పక్కన పెట్టేస్తోందట. నిన్న భోజనాల బల్ల దగ్గర పక్కావిడ పళ్లెంలో పెట్టేసి, "మీవాడు మా దగ్గరికొచ్చాడు, తీసుకోండి" అందట. దుప్పటి కింద, దిండు కింద, స్వెట్టరు చేతుల్లో పొద్దస్తమానం వెతుకుతోందట.

"ఏమని వెతుకుతోంది?" అన్నాడు లైల్.

"పిల్లాడు కనబడట్లేదంటోందండీ. బొమ్మ చూపిస్తే వీడు కాదంటోంది. వీడి బూటులో గులకరాయి ఉందట. మావాడికి లేదంటోంది."

లైల్ పళ్లమధ్య కళ్లజోడు కాడ పటుక్కున విరిగింది. చుక్క. కాలి అంచు ఉబ్బిన ఆ చుక్క సరిగ్గా బొటనవేలు తిరిగే చోటే పెట్టాడు. పంటిగాట్లు దింపాడు, అరుగుదల దింపాడు, రంగు దింపాడు, ఆవిడ కళ్లతో కాక వేలితో చూస్తుందన్న సంగతి మాత్రం అతని బుర్రకి తట్టలేదు. గొంతు సవరించుకుని, జబ్బు ముదిరే కొద్దీ ఇలాంటివి మామూలేననీ, డాక్టరుకి ఒకమాట చెప్పి చూడమనీ అన్నాడు.

"మీరొకసారి వచ్చి చూస్తే బాగుంటుందండీ" అంది లవర్న్.

"ఆదివారం వస్తున్నాగా."

"ఆదివారమా" అంది లవర్న్. అంతే. ఫోన్ పెట్టేసింది.

అప్పుడైనా లేచి కారెక్కాల్సింది. లేవలేదు. శనివారం ఒక్కటీ గడవనీ, ప్రదర్శన కాగానే తిన్నగా తీసుకెళ్లి ఇచ్చేస్తాను, ఒక్క పూట గూట్లో నిలబెట్టి చూసుకుంటే ఏం పోయింది అనుకున్నాడు. పైగా లోపల ఎక్కడో పాత పుండొకటి కెలికినట్టయింది. పిల్లాడు కనబడట్లేదట. రాడ్నీ కోసం ఇప్పటికీ వెతుకుతోంది. ఎదురుగా వచ్చి కూర్చున్నవాడు హీటరు బాగుచేసేవాడు.

నిజానికి ఈ బొమ్మల పిచ్చి అంతా ఆ పుండులోంచే వచ్చింది. రాడ్నీ పోయిన రెండో వేసవిలో వాళ్లు ఇల్లు మారారు. మారేముందు వాకిట్లో బల్లలు వేసి సామాను అమ్మేశారు. లైల్ ఈతకెళ్లి వచ్చేసరికి తన బొమ్మల పెట్టె బల్ల మీద ఉంది, ఎవరెవరో పిల్లలు అందులో చేతులు పెట్టి కెలుకుతున్నారు. ఆ పెట్టెలో తన గ్రిఫ్ కూడా ఉన్నాడు. రాడ్నీది అడిగితే ఇవ్వలేక, రాడ్నీ పోయిన ఏడాది క్రిస్మస్‌కి అతనికంటూ వేరే కొనిచ్చిన గ్రిఫ్. పరిగెత్తుకెళ్లి చూస్తే అప్పటికే లేడు. ఏడ్చి ఏడ్చి వాంతి చేసుకున్నాడు. కొత్తింట్లో చేరిన వారానికి అమ్మ డ్రెస్సింగ్ టేబుల్ మీద ఒక గ్రిఫ్ కనిపించాడు. పోయినవాడి బొమ్మ పదిలం, ఉన్నవాడివి వీధిపాలు. ఎనిమిదేళ్లవాడికి లెక్క అలా తేలింది. ఆ బొమ్మను తాకలేదు, ఎవరిదని అడగలేదు. ఆ తర్వాత అమ్మని పెద్దగా ఏదీ అడగలేదు.

ప్రదర్శన లూథరన్ చర్చి కింది హాల్లో. పొడుగు బల్లల మీద తెల్లగుడ్డలు పరిచారు. ఓ మూల కాఫీ పీపా, మొక్కజొన్నపిండి రొట్టె, బీన్స్ కుతకుతలాడుతున్న పెద్ద కుండ. గుమ్మం పక్కన పరీక్ష బల్ల. దాని మీద నీళ్ల గిన్నె, భూతద్దం, దారానికి కట్టిన చిన్న అయస్కాంతం. బల్ల దాటకుండా ఏ బొమ్మా లోపలికి పోదు. ఏటా ఆ బల్ల దగ్గర కూర్చునేది లైల్. కానీ తన బొమ్మను తనే పరీక్షించుకోకూడదు కాబట్టి ఈసారి కుర్చీ ఎల్వుడ్‌కి ఇచ్చాడు. ఎల్వుడ్ నలభై ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన మనిషి. చేతులు వణకవు, నోరు మాత్రం ఊరుకోదు.

"రావోయ్ రా. ఖాళీ గూడు పెళ్లికొడుకు వచ్చాడన్నమాట" అన్నాడు ఎల్వుడ్. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అందరికీ ఆ గూడు కథ తెలుసు.

లైల్ చేతిరుమాలు విప్పి గ్రిఫ్‌ని బల్ల మీద నిలబెట్టాడు. ఎల్వుడ్ ముందు లాంతరును నీళ్లలో వేశాడు. తేలింది. అసలుది తేలుతుంది, నకలు మునుగుతుంది. తర్వాత గ్రిఫ్‌ని తీసుకుని భూతద్దం కింద తిప్పితిప్పి చూశాడు. పంటిగాట్ల దగ్గర ఆగి, "మీ అన్నకి కూడా నీలాగే నమిలే జబ్బుందా?" అన్నాడు. చివరగా అయస్కాంతం దారం పట్టుకుని మోకాలి దగ్గరకు దింపాడు. మొదటి అచ్చు గ్రిఫ్ మోకాళ్లలో ఇనుప చీల ఉంటుంది. దగ్గరికి తేగానే అయస్కాంతం టక్కున అతుక్కోవాలి.

అతుక్కోలేదు. దారం నిటారుగా వేలాడింది.

ఎల్వుడ్ రెండో మోకాలి దగ్గర పెట్టాడు. కాలు మడిచి పెట్టాడు. అయస్కాంతాన్ని టేబులు ఇనుపకాలికి తగిలించి, పనిచేస్తోందో లేదో చూసుకుని మళ్లీ పెట్టాడు. మాటలాపేశాడు. చుట్టూ మూగినవాళ్లని కాఫీ తాగి రమ్మని పంపేసి, కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"లైల్, ఇది రెండో అచ్చు."

"కాదు. మా అన్నది."

"ఎవరిదైనా కావచ్చోయ్. అచ్చు రెండోది. చీల ప్లాస్టిక్‌ది."

"ఎవరో మోకాలు మార్చి ఉంటారు."

"నువ్వే చూడు. కీలు ఎవరూ విప్పలేదు." భూతద్దం అతని వైపు తోశాడు. "నువ్వు నాకు నేర్పిందే నేను నీకు చెబుతున్నా. ఇంతకు ముందు ఒక్కసారీ పెట్టి చూడలేదా?"

పెట్టి చూడలేదు. ఊళ్లోవాళ్లందరి బొమ్మల మోకాళ్లకీ అయస్కాంతం పెట్టిన మనిషి, ఈ ఒక్క బొమ్మకి పెట్టాలని అనుకోను కూడా అనుకోలేదు. భూతద్దంలోంచి చూశాడు. కీలు మీద ఫ్యాక్టరీ నొక్కు చెక్కుచెదరకుండా ఉంది.

"రెండో అచ్చు ఆకురాలు కాలంలో కదా వచ్చింది" అన్నాడు నెమ్మదిగా. ఎల్వుడ్‌ని అడిగినట్టు లేదు ఆ మాట. "రాడ్నీ మార్చిలోనే పోయాడు."

ఎల్వుడ్ కళ్లజోడు తీసి చొక్కాకి తుడుచుకున్నాడు. "కల్తీ లేనిదేరా అబ్బాయ్. నకలు కాదు. కార్డు మీద ఒక్క మాట మార్చుకుంటే చాలు, లోపల పెట్టుకో" అన్నాడు.

కార్డు మీద ఒక్క మాట కాదు మార్చాల్సింది. లైల్ గ్రిఫ్‌ని, లాంతరుని చేతిరుమాల్లో చుట్టి, కార్డు రెండుగా చించి జేబులో పెట్టుకున్నాడు. రొట్టె తినిపొమ్మని ఎవరో వెనకనుంచి పిలుస్తున్నా ఆగకుండా మెట్లెక్కేశాడు.

కారులో కూర్చుని తాళంచెవి తిప్పలేదు చాలాసేపు. ఆకురాలు కాలంలో వచ్చిన అచ్చు. ఆ క్రిస్మస్‌కి తనకి కొన్నారు. తన గ్రిఫ్‌కి లాంతరు ఉండేది. స్కూలు బస్సులో, సీటు మడతలో పడిపోయింది. సీటు చీల్చి తీయమని డ్రైవర్ని పీక్కుతిన్నాడు. ఈ గ్రిఫ్‌కీ లాంతరు లేదు. వద్దు, ఇంతలోనే అనుకోకూడదు. అమ్మ ఎవరి సామానులోనో చూసి ముచ్చటపడి తెచ్చుకుని ఉండొచ్చు. అలా అని తనకి చెప్పుకుంటూనే, నాలిక కొనతో కింది వరసలో పక్కకి తిరిగిన పన్నును తడుముతున్నాడు.

ఇర్మా మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఈ నాలుగురోజుల్లోనే మనిషి చిక్కిపోయింది, చెంపలు లోపలికి పోయాయి. పక్క బల్ల మీద ఆపిల్ గుజ్జు గిన్నె తాకకుండా ఉంది. దాని పక్కన నకలు గ్రిఫ్ బోర్లా పడున్నాడు. లవర్న్ లైల్‌ని చూసి పలకరించలేదు. దిండు సర్ది, "ఇర్మమ్మా, మీకోసం వచ్చారు" అని మాత్రం చెప్పి, గుమ్మం పక్కన నిలబడింది.

ఇర్మా చేతులు దుప్పటి అంచు మీద ఇంకా వెతుకుతున్నాయి. లైల్ కుర్చీ దగ్గరికి లాక్కుని, చేతిరుమాలు విప్పి, గ్రిఫ్‌ని ఆ ఎడమచేతిలో పెట్టాడు. వేళ్లు మూసుకున్నాయి. బొటనవేలు పాదం కిందికి వెళ్లింది. ఒకసారి కదిలింది, రెండోసారి కదిలింది. ఇంక ఆగలేదు.

"ఎక్కడికి పోయావురా" అంది ఇర్మా, బొమ్మతో. కోపం లేదు ఆ గొంతులో. బడినుంచి ఆలస్యంగా వచ్చిన పిల్లాణ్ణి అడిగినట్టు అడిగింది. లవర్న్ చటుక్కున మొహం తిప్పుకుంది. తర్వాత లైల్ వైపు ఒక్క చూపు చూసి, గిన్నె తీసుకుని వెచ్చచేయడానికి వెళ్లిపోయింది. అతను చేసిన పని ఆమెకి అర్థమైపోయిందని ఆ చూపే చెప్పింది.

లైల్ లాంతరు తీసి, గ్రిఫ్ కుడిచేతికి తగిలించబోయాడు. ఇర్మా బొమ్మను వెనక్కి లాక్కుంది.

"వద్దండీ. వీడికి లాంతరు లేదు" అంది. "బస్సులో పారేసుకున్నాడు. ఆ డ్రైవరు పాపం మా ఇంటికొచ్చి మొత్తుకున్నాడు, సీటంతా వెతికాం దొరకలేదమ్మా అని."

లైల్ చేతిలో లాంతరు అలాగే ఉండిపోయింది. "ఎవరు పారేసుకుంది?" అన్నాడు.

"మా చిన్నాడు. లైల్." గ్రిఫ్ ఎడమచేతిని ఎత్తి చూపించింది. "చూడండి, ఎలా నమిలాడో. ఏదీ ఉండనివ్వదు వాడి నోరు."

"రాడ్నీది అనుకున్నానే నేను."

ఇర్మా అతని వైపు అదోలా చూసింది, ఇంత చిన్న సంగతి తెలియదా అన్నట్టు. "రాడ్నీది రాడ్నీ దగ్గరే ఉంది. వాణ్ణి పడుకోబెట్టిన పెట్టెలో, చెయ్యి పక్కన పెట్టాను. చీకటంటే భయమండీ వాడికి. గ్రిఫ్ దగ్గర లాంతరుందిగా." బొమ్మ పొట్ట నిమిరి, "మూత వేసేటప్పుడు చూశాను, చేతిలోనే ఉంది లాంతరు" అంది.

కిటికీ బయట ఎవరో కారు మీది మంచు గీకుతున్నారు. అమ్మ నలభై ఏళ్లకి పైగా టేబుల్ మీద పెట్టుకుని చూసుకున్నది తనని. ఈ మంచం మీద, ఈ కుర్చీలో, నిద్రలో కూడా వేలితో తడుముతున్నది తనని. ఆ చేతిలోంచి తనని తానే దొంగిలించుకుపోయాడు. ఏడుపు ఆపుకున్నాడు. హీటరు బాగుచేసేవాడు ఏడిస్తే ఆవిడ బెదిరిపోతుంది.

"మరి లైల్‌కి ఇవ్వలేదేం?" అన్నాడు.

"సామాను అమ్మిన రోజు వాళ్ల నాన్న వాడి పెట్టె కూడా బల్ల మీద పెట్టేశాడు. నాకు తెలిసేసరికి అన్నీ పోయాయి. వీడొక్కడే దొరికాడు, ఒక పిల్ల చేతిలోంచి లాక్కున్నాను. ఆ పిల్ల ఏడ్చింది కూడా." ఇర్మా బొటనవేలు నెమ్మదిగా తిరుగుతోంది. "టేబుల్ మీద పెట్టాను, వాడికి కనబడేట్టు. అడిగితే ఇద్దామని. వాడు అడగలేదు. ఇవాళ అడుగుతాడు, రేపు అడుగుతాడు అని చూశాను. వాడు చాలా మొండివాడండీ. పిలిచి ఇస్తే తీసుకోడేమో, విసిరికొడతాడేమో అని భయం నాకు. అడగనీ అనుకున్నా."

"అడగలేదా ఇంతవరకూ?"

"లేదు. వస్తాడులెండి." గుమ్మం వైపు చూసింది. "మీరు వెళ్లేదారిలో కనబడితే చెప్పండి, అమ్మ దగ్గరే ఉందని."

లైల్ కుర్చీ ఇంకా దగ్గరికి జరుపుకున్నాడు. మోకాళ్లు మంచానికి తగిలాయి. ఎనిమిదేళ్లప్పుడు అడగాల్సిన మాట అతని నోట్లో అప్పటినుంచీ ఉన్నట్టే ఉంది.

"అది నాకిస్తావా అమ్మా?" అన్నాడు.

ఇర్మా అతని మొహంలోకి చూసింది. బట్టతల, నెరిసిన గడ్డం, కాడ విరిగిన కళ్లజోడు, అన్నీ నిదానంగా చూసింది. ఎక్కడైనా ఏదైనా పోల్చుకుంటుందేమోనని అతను ఎదురుచూశాడు. ఆమె కళ్లలో జాలి కనబడింది, గుర్తు కనబడలేదు.

"మీకెందుకండీ?" అంది మెత్తగా. "మీరు పెద్దవారు. ఇది మా చిన్నాడిది. వాడొచ్చి అడిగితే నేనేం చెప్పను?"

గ్రిఫ్‌ని గుండెలకి దగ్గరగా తీసుకుని, దుప్పటి పైకి లాక్కుంది. అంతలోనే హీటరు మనిషి నొచ్చుకున్నాడేమోననుకుంది కాబోలు, రెండో చెయ్యి చాపి పక్క బల్ల మీద బోర్లా పడున్న నకలుని తడిమి తీసి అతనికి అందించింది.

"ఇది తీసుకోండి" అంది. "దీనికెవరూ లేరు పాపం."

లవర్న్ వెచ్చచేసిన గిన్నెతో వచ్చింది. ఇర్మా మొదటి చెంచా తింది, రెండోదీ తింది. గ్రిఫ్ దుప్పటి కిందే ఉన్నాడు. లైల్ లేచి, కోటు తొడుక్కుని, మళ్లీ కూర్చున్నాడు. ఆదివారం వస్తానని ఈసారి చెప్పలేదు. నకలు గ్రిఫ్‌ని కోటు జేబులో పెట్టుకుని, ఆమె తినడం అయ్యేదాకా అలాగే చూస్తూ ఉన్నాడు. జేబులో అతని బొటనవేలు ఎడమ పాదం కింద చుక్క దగ్గరికి వెళ్లి, దాన్ని రుద్దుతూ ఉండిపోయింది.